కారు ఎత్తు తగ్గించే ముందు: సీమ రోడ్లకు తగిన స్ప్రింగులు, షాకులు, టైర్ల ఎంపిక

స్విఫ్ట్, ఐ20, పోలో వంటి చిన్న కార్లను కాస్త కిందికి దించుకోవాలన్న కోరిక కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో కారంటే ప్రాణం పెట్టే యువకుల్లో చాలామందికి ఉంది. చక్రానికీ దానిపైనున్న మడ్‌గార్డ్ అంచుకూ మధ్య ఖాళీ తగ్గితే కారు చూడముచ్చటగా కనిపిస్తుందన్నది నిజమే. మలుపుల్లో ఒరగడం తగ్గుతుందన్నదీ కొంతవరకు నిజమే. అయితే ఆ ఖాళీ చక్రం గతుకు ఎక్కినప్పుడు పైకి లేవడానికి కంపెనీ లెక్కవేసి ఉంచిన చోటు. కారును దించడమంటే ఆ చోటులో కొంత ఖర్చు పెట్టడం. మన రోడ్ల మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో, అదే ఫలితాన్ని ఎత్తు ముట్టుకోకుండా రాబట్టుకునే దారులేమిటో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బు పరిమితంగా ఉంటే మొదట టైర్లకు, తర్వాత షాకులకు (స్ప్రింగు ఊపును అణచే షాక్ అబ్సార్బర్లకు), ఆ పైన మిగిలితేనే స్ప్రింగులకు ఖర్చు పెట్టడం మంచిది. ఎత్తు తగ్గించి తీరాలనుకుంటే 25 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి, స్ప్రింగులతోపాటే వాటికి సరిపోయే షాకులు కూడా వేయించాలి. స్ప్రింగు కోయించడం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ సలహా ఇవ్వను.

ఎత్తు తగ్గితే దక్కేది ఎంత

కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందన్నది కారు గరిమనాభి ఎత్తును బట్టి, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పును బట్టి ఉంటుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో గరిమనాభి నేలకు సుమారు అర మీటరు ఎత్తులో, కాస్త అటూ ఇటూగా 500 నుంచి 550 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కారును 30 మిల్లీమీటర్లు దించితే ఆ ఎత్తు ఆరు శాతం మేర తగ్గుతుంది, బరువు మళ్లడం కూడా అంతే మేర తగ్గుతుంది. లాభమే, కానీ స్టీరింగ్ పట్టిన చేతికి స్పష్టంగా తెలిసేంత లాభం కాదు. దించిన కారు మలుపులో నిలకడగా అనిపించడానికి అసలు కారణం కొత్త స్ప్రింగులు పాతవాటికన్నా గట్టిగా ఉండటమే.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. పైన చెప్పిన మూడు కార్లకూ ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ కలిసి ఒకే నిలువు కంబంలా ఉండే ఏర్పాటు, ఉంటుంది. ఈ అమరికలో చక్రాన్ని కారు అడుగుకు కలిపే లోయర్ ఆర్మ్ కారు లోపలి వైపు నుంచి చక్రం వైపుకు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. కారును దించేకొద్దీ ఆ వాలు పోయి ఆర్మ్ సమంగా నిలుస్తుంది, మరీ దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అలా లేచినప్పుడు, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ గరిమనాభికన్నా వేగంగా కిందికి జారిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే కారును ఒరిగించే బలం కూడా పెరుగుతుంది కాబట్టి, ఎత్తు తగ్గించి సంపాదించిన లాభాన్ని ఈ దూరం తినేస్తుంది. పైగా స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారడంవల్ల గతుకు మీద ఒక చక్రం లేచినప్పుడు డ్రైవరు తిప్పకుండానే స్టీరింగ్ పక్కకు లాగుతుంది. 50 మిల్లీమీటర్లు దించిన కారు 25 మిల్లీమీటర్లు దించిన దానికన్నా రెట్టింపు బాగా నడుస్తుందనుకోవడం అందుకే తప్పు. చాలా సందర్భాల్లో అది కంపెనీ ఎత్తులో ఉన్న కారుకన్నా అధ్వాన్నంగా నడుస్తుంది.

మన రోడ్లు పెట్టే పరీక్ష

కారు అడుగు తగులుతుందా లేదా అన్న భయం అందరిలోనూ ఉంటుంది గనుక ముందు దాని లెక్క చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం గల చాపంలా ఉండాలి. స్విఫ్ట్ ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. ఇంత వెడల్పాటి బ్రేకర్ మీద రెండు ఇరుసులూ ఒకేసారి ఎక్కి ఉంటాయి కాబట్టి కారు నడుము దగ్గర తగ్గే జాగా సుమారు 44 మిల్లీమీటర్లే. 163 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ గల స్విఫ్ట్‌లో ఐదుగురు కూర్చోవడంవల్ల నడుము దగ్గర 30 తగ్గి, దించడంవల్ల మరో 30 తగ్గినా, ఇంకా 59 మిల్లీమీటర్లు మిగులుతుంది. కాబట్టి ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకర్‌తో ఏ ఇబ్బందీ లేదు.

అయితే మన ఊళ్ల దగ్గర అలాంటివి తక్కువ. బడి ముందో, గుడి ముందో ఊరివాళ్లే సిమెంటు పోసి కట్టుకున్న బ్రేకర్లు మీటరు వెడల్పు, జానెడు ఎత్తు ఉంటాయి. ఇరుకైన బ్రేకర్ రెండు ఇరుసుల మధ్యకు వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ కింద రోడ్డు మీదే ఉంటాయి గనుక, దాని ఎత్తు మొత్తం కారు జాగాలోంచే పోతుంది. 150 మిల్లీమీటర్ల ఎత్తున్న దిమ్మె మీద, మనుషులతో నిండిన స్విఫ్ట్ కంపెనీ ఎత్తులో ఉన్నా తగులుతుంది. కారును దించితే అటువంటి దిమ్మెలు దారిలో ఎక్కువవుతాయంతే. మీరు రోజూ తిరిగే దారిలో ఇటువంటివి ఉంటే, ముఖ్యంగా ఆయిల్ ఛాంబర్ కింద రక్షణ రేకు లేని కారైతే, ఎత్తు తగ్గించే ఆలోచన అక్కడే విరమించుకోవడం మేలు. ఛాంబర్ పగిలి ఆయిల్ కారిపోయిన సంగతి గమనించకుండా మరో రెండు కిలోమీటర్లు నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది.

దీనికన్నా పెద్ద పరీక్ష, అంతగా ఎవరూ మాట్లాడనిది, నల్లరేగడి నేల. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నేల వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుని పగులుతుంది. దానిమీద వేసిన తారు రోడ్డుకు గుంత ఒక్కటీ లేకపోయినా, కొన్నేళ్లకు అలలు పడుతుంది. చిన్న కారు శరీరం స్ప్రింగుల మీద సెకనుకు సుమారు 1.2 నుంచి 1.5 సార్లు ఊగే స్వభావం కలది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. రోడ్డు అలలు 15, 18 మీటర్లకొకటి చొప్పున ఉంటే అవి సరిగ్గా ఆ ఊపుకు తాళం వేసినట్టు తగులుతాయి. ఒక్కో అలకు ఊపు పెరుగుతూ పోయి, మూడో నాలుగో అలకు స్ప్రింగు తన మొత్తం ప్రయాణాన్ని వాడేస్తుంది. ఆ ఊపును అణచేది షాక్ ఒక్కటే. అరిగిన షాకులతో, తక్కువ ప్రయాణం మిగిలిన కారు ఈ రోడ్ల మీద, షాక్ పూర్తిగా ముడుచుకోకుండా ఆపే రబ్బరు స్టాపులకు (బంప్ స్టాపులకు) కొట్టుకుంటూ, చక్రాలు నేలను వదిలేస్తూ పోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి అనంతపురం దాకా హాయిగా నడిచిన దించిన కారు, పక్కకు మళ్లి ఈ నేలలోకి రాగానే వేరే కారులా ప్రవర్తించడానికి ఇదే కారణం.

కొనేముందు కొలవండి

ఏ స్ప్రింగు కొనాలో తేల్చుకునే ముందు మీ కారుకు నిజంగా ఎంత ప్రయాణం మిగిలి ఉందో కొలుచుకోవాలి. దీనికి టేపు, ఎలక్ట్రీషియన్లు వైర్లు కట్టడానికి వాడే సన్నని నైలాన్ ట్యాగ్ చాలు. వెనుక షాక్ మీద దుమ్ము పడకుండా కప్పి ఉంచే డస్ట్ బూట్‌ను పైకి జరిపితే మెరిసే కడ్డీ కనిపిస్తుంది. ట్యాగ్‌ను ఆ కడ్డీకి మరీ బిగించకుండా కట్టి, కిందికి జరిపి షాక్ మూతికి ఆనించి, బూట్ తిరిగి వేసేయాలి. తర్వాత మామూలుగా ఎంతమందితో, ఎంత సామానుతో ప్రయాణిస్తారో అంతమందితో, మీకు తెలిసిన గతుకుల దారిలో ఒకసారి తిరిగి రావాలి. కడపవాళ్లకైతే రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగి రావడం ఇందుకు చక్కగా సరిపోతుంది. షాక్ ముడుచుకున్న ప్రతిసారీ మూతి ఆ ట్యాగ్‌ను పైకి నెడుతుంది. తిరిగొచ్చి బూట్ ఎత్తి చూస్తే ట్యాగ్ ఎక్కడ ఆగిందో, కడ్డీ మీద దుమ్ము ఎక్కడిదాకా తుడిచిపెట్టుకుపోయిందో స్పష్టంగా కనిపిస్తుంది. ట్యాగ్‌కూ పైనున్న బంప్ స్టాప్ రబ్బరు అంచుకూ మధ్య మిగిలిన దూరమే మీరు ఖర్చు పెట్టగలిగిన సొమ్ము. ట్యాగ్ వెళ్లి రబ్బరుకు తగిలి ఉంటే, కంపెనీ ఎత్తులోనే మీ చేతిలో ఏమీ మిగలలేదన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖాళీ కారులో షాక్ మూతికీ రబ్బరుకూ మధ్య 70 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. మనుషులు, సామాను ఎక్కితే వెనుక భాగం 40 కూర్చుంటే, గతుకులకు 30 మిగులుతుంది. అదే గట్టిదనం గల స్ప్రింగుతో కారును 30 దించితే, నిండు బరువుతో నిలబడి ఉన్నప్పుడే షాక్ రబ్బరును తాకుతుంది. రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా బాడీకి తగులుతుంది. 30 శాతం గట్టి స్ప్రింగు వేస్తే అదే బరువుకు 31 మాత్రమే కూర్చుంటుంది కాబట్టి 9 మిగులుతుంది, స్ప్రింగుతోపాటు వచ్చే పొట్టి బంప్ స్టాప్ మరో 20 ఇస్తే 29 అవుతుంది. దాదాపు పాత చోటికే వచ్చాం. మంచి కంపెనీ స్ప్రింగు పొట్టిగా ఉండటంతోపాటు గట్టిగా ఎందుకుంటుందో, పెట్టెలో బంప్ స్టాప్ గురించి సూచన ఎందుకిస్తారో ఈ లెక్కే చెబుతుంది. కొన్ని షెడ్లలో బంప్ స్టాప్‌ను చోటు చాలడంలేదని పూర్తిగా తీసి పడేస్తారు. దాన్ని ఎంతమాత్రం ఒప్పుకోకండి. ఆ రబ్బరు లేకపోతే లోహం లోహాన్ని కొడుతుంది. షాక్ అడుగు వాల్వు పగలడం, స్ట్రట్ మౌంట్ దగ్గర బాడీ రేకు ఉబ్బడం దాని పర్యవసానాలు.

అందుబాటులో ఉన్న దారులు

మొదటిది, ఎత్తు మార్చకుండా షాకులు మాత్రమే మార్చడం. 60, 70 వేల కిలోమీటర్లు తిరిగిన కారుకు, అందులోనూ 2022లో తయారీ ఆగిపోయిన పోలో వంటివాటిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి, ఇదే అత్యుత్తమ మార్గం. షాకులు కొద్దికొద్దిగా అరుగుతాయి గనుక రోజూ నడిపేవారికి తేడా తెలియదు. షాక్ ఒంటి మీద నూనె చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము పెచ్చు, టైరు అరుగుదల నున్నగా కాకుండా చేతితో తడిమితే గుంటలు గుంటలుగా తగలడం, బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి వంగడం వంటివి గుర్తులు. కొత్త షాకులు, కొత్త స్ట్రట్ మౌంట్లు, అరిగిన బుష్‌లు మార్చాక ఆ కారును నడిపి చూసినవారిలో చాలామందికి దించాలన్న కోరిక చల్లబడుతుంది. వారికి అసలు కావలసింది ఆ బిగువే.

ఇక్కడ షాకుల రకాల గురించి కొంత వివరంగా చెప్పాలి. ట్విన్ ట్యూబ్ షాక్‌లో ఒక గొట్టం లోపల మరో గొట్టం ఉంటుంది. లోపలి దాంట్లో పిస్టన్, రెండింటి మధ్య మిగులు నూనె, కాస్త తక్కువ ఒత్తిడి గల గ్యాస్ ఉంటాయి. ధర తక్కువ, నడక మెత్తన. గతుకుల దారిలో ఎడతెరిపి లేకుండా కొట్టినప్పుడు నూనె వేడెక్కి గ్యాస్‌తో కలిసి నురగ కట్టే అవకాశం ఉంది. అప్పుడు అణచే శక్తి తగ్గుతుంది. మోనో ట్యూబ్‌లో ఒకటే గొట్టం, అందులో 20 బార్‌కు పైబడిన ఒత్తిడితో గ్యాస్, నూనెకూ దానికీ మధ్య కదిలే మరో పిస్టన్ ఉంటాయి. నురగ కట్టదు, వేడి త్వరగా బయటికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు. కానీ పిస్టన్ బయటి గొట్టాన్నే ఒరుసుకుంటూ నడుస్తుంది కాబట్టి, కంకర రాయి ఎగిరి తగిలి గొట్టం సొట్టపడితే ఆ షాక్ పాడైనట్టే. రోజులో ఎక్కువ భాగం మట్టిదారుల్లో, క్వారీల వైపు తిరిగేవారికి గ్యాస్ ఉన్న మంచి ట్విన్ ట్యూబ్, ప్రధానంగా హైవే మీద తిరిగేవారికి మోనో ట్యూబ్ సరిపోతాయి. బిల్‌స్టైన్‌లో బీ4 సాధారణంగా ట్విన్ ట్యూబ్, బీ6 కంపెనీ ఎత్తుకు మోనో ట్యూబ్, బీ8 దించిన కార్ల కోసం పొట్టిగా చేసిన మోనో ట్యూబ్. ఏ కంపెనీదైనా ఈ తేడా అడిగి తెలుసుకుని కొనాలి.

రెండో దారి, పాత షాకుల మీదే దించే స్ప్రింగులు వేయించడం. ఎక్కువమంది ఎంచుకునేది ఇదే, ఎక్కువమంది నిరాశపడేదీ ఇక్కడే. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే దాన్ని అదే తీరుగా అణచడానికి షాక్ బలం సుమారు 14 శాతం పెరగాలి. కొత్త షాకులైతే ఆ కాస్త తేడాను ఓర్చుకుంటాయి. అందువల్ల పది ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారుకు, 25 మిల్లీమీటర్ల లోపు దించే స్ప్రింగులకు ఇది ఫరవాలేదు. అరిగిన షాకుల మీద గట్టి స్ప్రింగు వేస్తే కారు ప్రతి అల దగ్గరా రెండుసార్లు ఎగురుతుంది. అలాగే పిస్టన్ ఎప్పుడూ గొట్టం అడుగు భాగంలోనే పనిచేయడంవల్ల మిగిలిన ఆయుష్షు కూడా త్వరగా తీరుతుంది. ఈ దారిలో వెళ్లినవారు ఏడాది తిరక్కుండా షాకులు కొనక తప్పదు, రెండోసారి విప్పే కూలి అదనం.

మూడోది, స్ప్రింగులు, వాటికి తగిన పొట్టి షాకులు ఒకేసారి వేయించడం. దించాలని నిశ్చయించుకున్నవారికి నేను చెప్పేది ఇదే. పొట్టి షాక్‌వల్ల రెండు ప్రయోజనాలున్నాయి: పిస్టన్ గొట్టం మధ్యలో పనిచేస్తుంది, జాకీ ఎత్తినప్పుడు లేదా చక్రం గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై కప్పులోంచి తప్పుకోకుండా షాకే ఆపుతుంది. స్ప్రింగులు కొనేటప్పుడు ముందు ఎంత, వెనుక ఎంత దిగుతుందో విడివిడిగా అడగండి. వెనుక సీటు తరచుగా నిండే కుటుంబాలకు ముందు 30, వెనుక 20 దిగేవి మేలు. లేకపోతే మంత్రాలయానికో అహోబిలానికో బయలుదేరిన రోజున కారు తోక నేలమీద ఈడ్చుకుంటున్నట్టు కనిపించడమే కాక హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి.

నాలుగోది కాయిలోవర్లు. మరలున్న షాక్ ఒంటిమీద స్ప్రింగు కప్పును పైకీ కిందికీ తిప్పి ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఇది. మంచివాటిలో అడుగు భాగాన్నే తిప్పి, ప్రయాణం తగ్గకుండా ఎత్తు మార్చుకోవచ్చు. స్ప్రింగుల జత ధరకు ఎన్నో రెట్లుంటుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు కారు తీసుకెళ్లే అలవాటున్నవారికి దీని విలువ దక్కుతుంది. మిగతావారు ఒకసారి ఎత్తు సరిచేసి మళ్లీ ముట్టుకోరు. ఆ మరల్లో ఎర్రమట్టి, నల్లమట్టి పేరుకుపోయి రెండేళ్లకు తిప్పాలన్నా తిరగవు. లీకైతే విప్పి బాగుచేసేవారి కోసం అనంతపురంవాళ్లు బెంగళూరుకో, కర్నూలువాళ్లు హైదరాబాద్‌కో మోసుకెళ్లాలి. చవక కాయిలోవర్లు మాత్రం అసలు వద్దు. అదే డబ్బుకు మంచి స్ప్రింగులు, మంచి షాకులు వస్తాయి.

గాలి బెలూన్ల సస్పెన్షన్ ప్రదర్శన కార్లకు తప్ప మన అవసరాలకు సంబంధించింది కాదు.

ఇక స్ప్రింగు కోయించడం. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే గట్టిదనం 20 శాతమే పెరుగుతుంది, ఎత్తు మాత్రం దానికి మించి పోతుంది. అంటే ప్రయాణం బాగా తగ్గి, దాన్ని కాచుకునే బలం రాదు. కంపెనీ స్ప్రింగు చివరి చుట్టును కింది కప్పులో సరిగ్గా కూర్చునేలా వంచి చేస్తారు. కోసిన చివర అలా కూర్చోదు. కోసిన స్ప్రింగును విప్పి చూస్తే, కప్పు లోపలి రబ్బరు ఒకేచోట చీలిపోయి, కోసిన మొన ఇనుమును గీరిన చోట రంగు పోయి తెల్లటి గీత మెరుస్తూ కనిపిస్తుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది, పగులు అక్కడ పుడుతుంది. గ్యాస్ మంటతో కాల్చి స్ప్రింగును కుంగదీయడం ఇంకా ఘోరం: ఉక్కుకు వేడిచికిత్సతో వచ్చిన బిగువు ఆ మంటలో పోతుంది, ఆ తర్వాత స్ప్రింగు ఎప్పటికప్పుడు కుంగుతూనే ఉంటుంది. కొన్ని వందల రూపాయల్లో పనైపోతుందని మెకానిక్ చెబితే మర్యాదగా వద్దని చెప్పి వచ్చేయండి.

టైర్లు

కారును రోడ్డుతో కలిపేవి టైర్లు మాత్రమే కాబట్టి నడకలో అతిపెద్ద మార్పు వీటితోనే వస్తుంది. 185/65 ఆర్15 కొలత (185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం ఎత్తున్న పక్క గోడ, 15 అంగుళాల రిమ్) ఉన్న కారును ఉదాహరణగా తీసుకుంటే, దాని మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు 120. అదే రిమ్ మీద 195/60 ఆర్15 వేస్తే వ్యాసం 615 అవుతుంది, కారు మూడు మిల్లీమీటర్లు దిగుతుంది, స్పీడోమీటరు ఒక శాతం ఎక్కువ చూపుతుంది. నేలను పట్టే వెడల్పు పెరుగుతుంది, గోడ ఎత్తు దాదాపు అలాగే ఉంటుంది. మన దారులకు నాకు అన్నిటికన్నా నచ్చే మార్పు ఇది.

16 అంగుళాల అల్లాయ్ కావాలంటే 195/55 ఆర్16 సరైన కొలత. వ్యాసం 620.9, అంటే అసలుదానితో సమానమే. గోడ ఎత్తు 107కు తగ్గుతుంది. బాలెనోకు, కొత్త ఐ20కి కంపెనీ నుంచే ఈ కొలత వస్తున్నందున జిల్లా కేంద్రాల్లో ఏ టైరు దుకాణంలోనైనా దొరుకుతుంది. 205/45 ఆర్17కు గోడ 92 మిల్లీమీటర్లే. బేతంచెర్ల, తాడిపత్రి, బనగానపల్లె వైపు బండల లారీలు తిరిగే దారుల్లో నాపరాయి ముక్కలు కత్తుల్లా పడి ఉంటాయి; ఆ పలుచటి గోడకు ఒక్క కోత చాలు, రిమ్‌కు ఒక్క గుంత చాలు. దారిలో పగిలితే ఆ కొలత మన దగ్గర చేతికి దొరకదు, తెప్పించుకోవాలి. దించిన కారుకు పలుచటి టైరు అసలే కూడదు: స్ప్రింగు ప్రయాణం తగ్గించిన తర్వాత గతుకును మింగే పని కొంత టైరు గోడ మీద పడుతుంది, దాన్ని కూడా తగ్గిస్తే మిగిలేది మన నడుమే.

కొలత చూసినంత శ్రద్ధగా బరువు సూచికను కూడా చూడాలి. 185/65 ఆర్15 మీద సాధారణంగా 88 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. మామూలు 205/45 ఆర్17 మీద 84, అంటే 500 కిలోలు. తప్పనిసరిగా ఆ కొలతే వేయాలంటే ఎక్స్‌ఎల్ (అదనపు బరువు మోసేది) అని ముద్రించిన 88 రకం తీసుకోవాలి, దానికి గాలి కూడా ఎక్కువ పెట్టాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. ఎండ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో దుకాణంలో రెండేళ్లు మూలన పడి ఉన్న టైరును తగ్గింపు ధరకు ఇచ్చినా కొనకపోవడమే మంచిది. రిమ్‌ల విషయంలో స్విఫ్ట్‌కు నాలుగు బోల్టుల 100 పీసీడీ (బోల్టులు అమరే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో), పోలోకు ఐదు బోల్టుల 100 పీసీడీ. బోల్టులు సరిపోయినంత మాత్రాన చాలదు, మధ్య రంధ్రం కూడా హబ్‌కు సరిగ్గా పట్టాలి: స్విఫ్ట్‌కు 54.1, పోలోకు 57.1 మిల్లీమీటర్లు. రంధ్రం పెద్దదైతే మధ్యలో రింగు వేయించాలి, లేకపోతే వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ అదురుతుంది.

గాలి ఎప్పుడూ ఉదయం, బండి కదలకముందు చూసుకోవాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెలలో తెల్లవారుజామున 28 డిగ్రీల్లో పట్టిన గాలి మధ్యాహ్నం 44 డిగ్రీలకు, చక్రం తిరగకపోయినా, మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. అది చూసి మధ్యాహ్నం గాలి తీయించే అలవాటువల్ల రాత్రి ప్రయాణంలో టైరు తక్కువ గాలితో నడిచి గోడ వేడెక్కుతుంది.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టసవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చంటుంది. అందుచేత స్ప్రింగులు కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు దగ్గర పెట్టుకోండి. వారంటీలో ఉన్న కారును దించవద్దు. కంపెనీ సిఫారసు చేసిన కొలతల టైర్లకు, కంపెనీ ఎత్తు షాకులకు ఈ బెడద లేకపోవడం కూడా నేను వాటినే ముందు చెప్పడానికి ఒక కారణం.

బిగించే రోజున

మంచి సామాను కొన్నా బిగింపులో తప్పు జరిగితే అంతా వృథా. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా చివరిదాకా బిగిస్తే, కారు నేలమీదికి దిగగానే ఆ రబ్బరు మెలితిరిగి, కొన్ని నెలలకే చిరిగిపోతుంది. చక్రాల మీద బరువు పడిన తర్వాతే ఆ బోల్టులను పూర్తిగా బిగించమని మెకానిక్‌కు ముందే చెప్పి, దగ్గరుండి చూసుకోండి. స్ట్రట్ మౌంట్లు, బేరింగులు విప్పినప్పుడే మార్చేస్తే మళ్లీ విప్పే పని ఉండదు.

వీల్ అలైన్‌మెంట్ వెంటనే ఒకసారి, స్ప్రింగులు సర్దుకున్నాక 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఇంకోసారి చేయించాలి. ముందు చక్రాలు పైభాగంలో ఒకటిన్నర డిగ్రీ లోపలికి వంగి ఉన్నా టైరుకు పెద్ద నష్టం లేదు. టైరును నిజంగా తినేది టో తేడా, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. కాబట్టి అలైన్‌మెంట్ కాగితం మీద టో అంకె రెండు వైపులా సమానంగా, కంపెనీ చెప్పిన హద్దులో ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. వెనుక ఇరుసు ఈ కార్లలో ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఉక్కు దూలం) కనుక అక్కడ సర్దడానికి ఏమీ ఉండదు, అంకెలు హద్దు దాటి ఉంటే మాత్రం బీమ్ వంగిందేమో పరీక్ష చేయించాలి. హెడ్‌లైట్లను కూడా అదే రోజు, మామూలుగా కూర్చునేంతమంది కారులో ఉండగా, గోడ ముందు నిలిపి సరిచేయించండి.